నెలకో దేశం: అడుగంటిన మాఫే

పోయిన వారం వదినని వంటింటి గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. ఏడింటికి భోజనానికి రావాల్సిన మనిషి నాలుగింటికే వచ్చి, భుజానున్న సంచీ కూడా దించకుండా, ఒకసారి గాలి పీల్చి అక్కడే ఆగిపోయింది.

కథ ఇప్పుడే అందుకున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. రిటైరైన జాగ్రఫీ మాష్టారు మొదలుపెట్టిన భోజనాల బృందం పేరు 'నెలకో దేశం'. మొత్తం ఆరుగురు. నెలాఖరు శనివారం ఒకరింట్లో భోజనం. మాష్టారు గ్లోబు తిప్పుతారు, వంతు వచ్చినవాళ్ళు కళ్ళు మూసుకుని వేలు పెడతారు. వేలు ఏ దేశం మీద పడితే ఆ దేశం వంట. సముద్రంలో పడితే ఇంకో ఛాన్సు. ఎవరి వంతు వాళ్ళే వండాలన్నది ఒక్కటే నియమం. ఈసారి వంతు మన కథానాయికది, వేలు పడింది సెనెగల్ మీద.

ఆమె పనిచేసేది పాల డైరీలో. పద్దెనిమిదేళ్ళుగా పాల ట్యాంకరు రాగానే మూత తీయించి, పరీక్షలన్నిటికంటే ముందు వంగి వాసన చూసేది ఆమే. ఆమె తలూపితేనే పాలు లోపలికి వెళ్తాయి. అందుకే డైరీలో అందరికీ ఆమె ముక్కు మేడమ్. భోజనాల బృందంలో కూడా అదే పేరు స్థిరపడిపోయింది. మూడు నెలల కిందట వచ్చిన జ్వరం ఆ ముక్కుని పట్టుకుపోయిన సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. తెలియదనే ఆమె అనుకుంటోంది.

"ఏదో మాడుతోంది," అంది వదిన.

"మాడట్లేదు వదినా. వేరుశెనగ. దోరగా వేయించి ముద్ద చేశాను, ఆ వాసన."

"మెట్ల దగ్గర్నుంచే కొడుతోంది."

"సెనెగల్ వాళ్ళ వంట అలాగే ఉంటుంది."

"సెనెగల్ వాళ్ళు మాడ్చుకు తింటారని ఎవరు చెప్పారు నీకు?"

వదిన అంటే ఆమె భర్తకి అక్క. పెద్ద బజారులో కిటికీ తెరలు కుట్టే షాపు ఆవిడది. బట్టని ఎలా కత్తిరిస్తుందో మాటనీ అలాగే కత్తిరిస్తుంది, అంచు వంకర పోకుండా. సంచీ కుర్చీలో పడేసి, ఆమె చేతిలోని గరిట లాక్కుని, గిన్నె అడుగు నుంచి ఒక్క లాగు లాగింది. గరిట మీదికి నల్లటి పెచ్చులు వచ్చాయి.

ఆమె వాటి వంక చూస్తూ నిలబడింది. కోపం ముందు వదిన మీద వచ్చింది, తర్వాత గిన్నె మీద, ఆ తర్వాత ఎవరి మీదో తెలియలేదు.

అది ఆ రోజు మూడో గిన్నె. మాఫే అనే ఈ కూర చూడ్డానికి సులువే. ఉల్లిపాయలు వేయించి, టమాటా గుజ్జు వేసి, మాంసం ముక్కలు, క్యాబేజీ, చిలగడదుంప వేసి, వేరుశెనగ ముద్ద కలిపి సన్న సెగ మీద నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. పొద్దున డైరీ షిఫ్టు ముగించుకుని రాగానే, మొదటిసారి ముద్దని మరుగుతున్న నీళ్ళలో ఒక్కసారే వేసేసింది, గోలీల్లా ఉండలు కట్టింది. రెండోసారి నీళ్ళెక్కువై, నూనె తేలేలోపు దుంపలు కరిగి జావయ్యాయి. మూడోసారి గడియారం ఎదురుగా పెట్టుకుని, ఐదు నిమిషాలకోసారి అడుగుదాకా గీకి మరీ కలిపింది. ఆ గీకడమే కొంప ముంచింది. అడుగంటిందని ముక్కు చెప్పి ఉంటే పైపైన తేరినంత వేరే గిన్నెలోకి వంచుకునేది. చెప్పలేదు కాబట్టి మాడునంతా తన చేత్తోనే కూరంతటికీ పంచింది.

"పారబోయాల్సిందే," అంది వదిన.

"రుచి చూడకుండా ఎలా చెప్తావు?"

"నువ్వు చూశావా?"

"చూశాను. ఉప్పు సరిపోయింది. కారం సరిపోయింది."

"మాడు?"

ఆమె స్టవ్ ఆపి గిన్నె సింకులో పెట్టింది. కుళాయి తిప్పితే నీళ్ళు బుసమన్నాయి, ఆవిరి లేచింది. ఆ ఆవిరి మధ్యలో వదిన తన కుడి చెయ్యి తెచ్చి సరిగ్గా ఆమె ముక్కు కింద పెట్టింది.

"నా చేతికి ఏం వాసనొస్తోందో చెప్పు."

"ఏంటిది వదినా, చిన్నపిల్లల ఆటలా."

"చెప్పు."

ఆమె ఆ అరచేతిని చూసింది. శుభ్రంగా ఉంది. గోళ్ళ సందుల్లో కూడా ఏమీ లేదు. "సబ్బు," అంది.

వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "పొద్దున మెషిన్లు మూడూ విప్పి కిరసనాయిలుతో తుడిచాను. ఐదుసార్లు కడిగినా పోలేదు. బస్సులో పక్కన కూర్చున్నావిడ లేచి వేరే సీటుకి వెళ్ళింది."

కుళాయి కింద గిన్నె నిండి పొంగుతోంది. ఆమె కట్టలేదు. వదినే వెళ్ళి కట్టేసింది.

"ఎన్నాళ్ళయింది?"

"మూడు నెలలు."

"డాక్టరు?"

"వెళ్ళాను. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆర్నెల్లు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. రోజూ నాలుగు రకాల వాసనలు చూస్తూ ఉండమన్నాడు, ముక్కుకి మళ్ళీ పాఠం చెప్పినట్టు. నాలుగు సీసాలు కొన్నాను. పొద్దునా సాయంత్రం బాత్రూములో తలుపేసుకుని చూస్తున్నాను. నాలుగూ ఒకటే. ఖాళీ సీసాలు."

ఒకసారి మాట బయట పడ్డాక ఇక ఆగలేదు. మూడు నెలలుగా లోపల కుక్కి పెట్టుకున్నదంతా విసుగుగానే బయటికొచ్చింది. "కాఫీ వేడిగా, చేదుగా ఉంటుంది, అంతే. ఏ పండు తిన్నా తియ్యటి దూది తిన్నట్టుంటుంది. ఆఖరికి మీ తమ్ముడు పక్కన పడుకుంటే ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి పడుకున్నట్టుంటుంది వదినా. పెళ్ళయిన పదిహేనేళ్ళకి, దీపం తీసేస్తే మొగుడెవరో తెలియట్లేదు నాకు."

వదిన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేసింది. "వాడితో చెప్పలేదా?"

"చెప్పలేదు. చెప్తే ఊరుకుంటారా? డైరీలో చెప్పెయ్ అంటారు. చెప్తే ఏమవుతుందో తెలుసా? నన్ను తీసుకెళ్ళి కాగితాల గదిలో కూర్చోబెడతారు."

"వాడికి తెలుసు," అంది వదిన.

ఆమె చేతులు తుడుచుకుంటున్న గుడ్డ అలాగే ఆగిపోయింది.

"నన్ను నాలుగింటికే రమ్మని పంపింది వాడే. ఇవాళ మూడోసారి వండుతోంది, వెళ్ళి పక్కన ఉండక్కా అని ఫోన్ చేశాడు."

ఆ సమయానికే వాకిలి తాళం చప్పుడయింది. భర్త లిఫ్టు మెకానిక్. శనివారం సగం రోజే డ్యూటీ. అరడజను బొమ్మల పళ్ళేలు కావాలంటే మాష్టారింటికి వెళ్ళి తెచ్చాడు. రెండు చేతులా పళ్ళేలతో వంటింట్లోకి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?" అనడిగింది.

ఆయన అక్క వంక చూశాడు. అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"రెండు నెలల నుంచి," అన్నాడు. "ఒకరోజు నేను వచ్చేసరికి స్టవ్ మంట ఆరిపోయి ఉంది, గ్యాస్ మాత్రం వస్తోంది. ఇల్లంతా గ్యాస్. నువ్వు ఇదే కుర్చీలో కూర్చుని పేపర్ చదువుకుంటున్నావు."

"ఆ రోజు వచ్చీరాగానే కిటికీలన్నీ తీశారు. ఉక్కపోస్తోందన్నారు."

"అన్నాను."

"నేను దీపం వెలిగించి ఉంటే?"

"అందుకే రోజూ మధ్యాహ్నం ఇంటికొస్తున్నాను."

"భోజనానికనుకున్నాను."

"స్టవ్ చూడ్డానికి."

ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. రెండు నెలలుగా తను ఈయన ముందు కూర్చుని, వండిన ప్రతిదానికీ మూత తీసి, ఆహా ఏం వాసన అని నటించింది. ఆయనేమో నమ్మినట్టు నటించాడు. ఇద్దరూ ఒకే గదిలో ఒకళ్ళకొకళ్ళు నాటకం వేసి చూపించుకున్నారు.

"అడగొచ్చు కదా," అంది.

"నువ్వే చెప్తావని చూశాను. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే పైనుంచి తలుపు బాదకూడదు, లోపలున్నవాళ్ళు భయపడతారు. అలవాటైపోయింది నాకు."

"లోపల ఉన్నది నేను. బయట మీరున్నారని నాకు తెలియాలా వద్దా?"

ఆయన పళ్ళేలు ఫ్రిజ్ మీద పెట్టాడు. అవి జారితే వదిన పట్టుకుంది.

"మీ మొగుడూ పెళ్ళాల పంచాయితీ తర్వాత," అంది వదిన. "నాదొక ప్రశ్న. ఇంట్లో కూర మాడితే పారబోస్తాం. డైరీలో ఏం చేస్తున్నావు?"

"అన్ని పరీక్షలూ చేస్తున్నాను. ఇదివరకటికంటే ఎక్కువే చేస్తున్నాను. మరిగించి చూస్తాను, విరుగుతాయేమో చూస్తాను, మందు కలిపి చూస్తాను. ఒక్కటీ వదలట్లేదు."

"మెషిన్లు పట్టుకోలేనిది ముక్కు పట్టుకుంటుందని పదిహేనేళ్ళుగా మా చెవుల్లో పోరింది ఎవరు?"

ఆమె సింకులోని గిన్నె తోమడం మొదలుపెట్టింది.

"ప్రతి నెలా భోజనాల దగ్గర చెప్తావు. ఆవు ఉల్లికాడలు తిన్నా నాకు తెలిసిపోతుంది, డబ్బా సరిగ్గా కడక్కపోయినా తెలిసిపోతుంది, పరీక్ష గొట్టానికేం తెలుసు అని. నేను నమ్మాను. నువ్వు పాస్ చేసిన పాలని కళ్ళు మూసుకుని మా వీధిలో నెలల పిల్లలకి పట్టిస్తున్నారు."

"సోమవారం చెప్తాను."

"మూడు నెలల్లో పన్నెండు సోమవారాలు వెళ్ళాయి."

ఆమె వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. కింద వీధిలో ఎవరో కారు కడుగుతున్నారు. సబ్బు నురగ కాలువలోకి పోతోంది. ఇదివరకైతే రెండో అంతస్తు నుంచే ఏ సబ్బో చెప్పేది. అందులో గొప్పేమీ లేదు, కానీ తనకున్నది అదొక్కటే. ఆమె చదువు అంతంత మాత్రం. పెద్ద అధికారుల ముందు నోరు పెగలదు. కానీ ఆమె ట్యాంకరు మీదికి వంగితే అందరూ మాటలాపేసేవారు. ఆ రెండు క్షణాల నిశ్శబ్దాన్ని వదులుకోలేక మూడు నెలలు దొంగతనంగా బతికింది. ఇదంతా వదినతో చెప్పాలనిపించింది కానీ, చెప్పినా సాకులాగే వినపడుతుందని ఊరుకుంది.

"తప్పుకో, నేను వండుతా," అంది వదిన చేతులు మడుచుకుంటూ.

"వద్దు. వంతు నాది."

"ఇంకో గిన్నె మాడుస్తావా?"

"నువ్వు వాసన చూసి చెప్పు. నేను వండుతాను."

అలా ఐదింటికి నాలుగో గిన్నె పొయ్యెక్కింది. భర్తకి దుంపల చెక్కు తీసే పని పడింది. ఆయన బుద్ధిగా ఓ మూల కూర్చుని చెక్కుతున్నాడు.

"ఉల్లిపాయలు ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయి."

"బాగున్నాయంటే ఏంటి వదినా? పచ్చివాసన పోయిందా?"

"పోయినట్టే ఉంది."

"పోయిందా, పోయినట్టుందా?"

"నువ్వు ట్యాంకర్ల దగ్గర కూడా ఇలాగే జనం ప్రాణాలు తీస్తావా?"

"తీస్తాను. అందుకే జీతమిస్తారు."

వదిన వంగి మళ్ళీ వాసన చూసింది, ఈసారి శ్రద్ధగా. "ఇందాక ముక్కులోకి పొడిచినట్టుంది. ఇప్పుడు పొడవట్లేదు. కొంచెం తియ్యగా ఉంది."

"అదీ. అలా చెప్పాలి. ఇప్పుడు టమాటా వెయ్యాలి."

గంటన్నరపాటు వంటింట్లో ఇదే వరస. వదినకి వాసనల పేర్లు తెలియవు, ఆమెకి పేర్లు తప్ప వాసనలు లేవు. వేరుశెనగ ముద్దని వేడినీళ్ళలో పల్చగా కలిపి కొంచెం కొంచెంగా పోశారు. ఒకసారి వదిన "ఆగు, అడుగున ఏదో మొదలవుతోంది" అంది, ఆమె వెంటనే సెగ తగ్గించింది. తను కలుపుతున్న గిన్నెలో ఏం జరుగుతోందో ఇంకొకరి నోట వినాల్సి రావడం ఆమెకి గుచ్చుకుంటూనే ఉంది. అయినా ఆరున్నరకి కూర మీద ఎర్రటి నూనె గుండ్రంగా తేలింది.

ఏడింటికి మాష్టారు, ఆయన భార్య, కింది అంతస్తులో ఉండే నర్సు వచ్చారు. మాష్టారు అలవాటుగా గుమ్మంలోనే మొదలుపెట్టారు, సెనెగల్ ఏ ఖండంలో ఏ మూల ఉంది, వేరుశెనగ అక్కడ ఎందుకంత పండుతుంది అని. ఆయన భార్య అన్నం గిన్నె మూత తీసి "ఇప్పుడు పాఠం వద్దు" అంది.

మొదటి ముద్ద తిని మాష్టారు కళ్ళు మూసుకున్నారు. "ముక్కు మేడమ్ చెయ్యి పడితే ఇంక చెప్పేదేముంది. ఈ పాకం కుదరడం మామూలు ముక్కుకి సాధ్యమా?"

ఆమె వడ్డించే గరిట కింద పెట్టింది.

"నాకు మూడు నెలలుగా వాసన తెలియడం లేదు మాష్టారూ. ఈ కూర వాసన చూసింది మా వదిన. దీనికి ముందు మూడు గిన్నెలు పారబోశాను."

బల్ల చుట్టూ అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఆవిరి పట్టమని మాష్టారి భార్య. తనకు తెలిసిన ఒకాయనకి రెండేళ్ళకి తిరిగొచ్చిందని మాష్టారు. దిగులు పడితే ఇంకా ఆలస్యమవుతుందని మళ్ళీ ఆయన భార్య. ఇదే ఇన్నాళ్ళు ఆమె భయపడింది. జాలి వచ్చి బల్ల మీద ఇంకో గిన్నెలా కూర్చుంది, అందరూ తలా గరిటెడు వడ్డిస్తున్నారు.

నర్సు ఒక్కతే సలహా ఇవ్వలేదు. "డైరీలో తెలుసా?" అంది.

"తెలియదు. సోమవారం చెప్తాను." వదిన వంక చూసి, "పొద్దున్నే. షిఫ్టు మొదలవకముందే," అని కలిపింది.

వదిన ఇంకొంచెం అన్నం పెట్టించుకుంది. ఆవిడ క్షమించే పద్ధతి అదే.

భోజనం సగంలో ఉండగా కాలింగ్ బెల్ మోగింది. భర్త వెళ్ళి తలుపు తీశాడు. డైరీలో ల్యాబ్ ఇన్‌చార్జి. చేతిలో గాజు సీసా, సీసాలో పాలు. మనిషి చెమటలు కక్కుతున్నాడు.

"భోజనాల వేళ వచ్చాను, ఏమనుకోకండి మేడమ్. మీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు." ఆయన అందరికీ ఓ నమస్కారం పడేసి నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు. "పొద్దున మీరు పాస్ చేసిన రెండో ట్యాంకరు పాలు. సాయంత్రం షిఫ్టు ఆవిడ సంతకం పెట్టనంటోంది. ఫినాయిల్ వాసనొస్తోందట. పరీక్షలన్నీ బాగున్నాయి. ముక్కు మేడమ్ చూసి పంపిన పాలకి నువ్వు వంక పెడతావా అన్నాను. వినదే. ప్యాకింగ్ మెషిన్ కి అడ్డంగా నిలబడింది. చేసేది లేక ఇంటికి పంపించేశాను."

"ఇంటికి పంపేశారా?"

"సోమవారం ఆవిడ మీద కాగితం పెడతాను. ఇద్దరు పిల్లల తల్లి, పాపమే, కానీ క్రమశిక్షణ అనేది ఉండాలి కదా. నాకు నాలుగు రోజులుగా జలుబు, అయినా నా ముక్కుదేముంది. మీరొక్కసారి చూసి చెప్పండి. ప్యాకెట్లు బళ్ళకెక్కించేశారు. మీ మాట కోసం గేటు దగ్గర ఆపి ఉంచాను."

ఆయనే మూత తీసి సీసా అందించాడు. పద్దెనిమిదేళ్ళ అలవాటు, ఆమె తల తనంతట తనే వంగింది. గదిలో అందరూ మాటలాపేశారు. ఆమె పీల్చింది. చల్లటి గాలి లోపలికెళ్ళింది, అంతే.

తలెత్తి చూస్తే పక్కనే ఉన్న వదిన మొహం ముడుచుకుని కుర్చీ వెనక్కి జరుపుకుంది. అవతల నర్సు చెయ్యి ముక్కు దాకా వెళ్ళింది. సీసాలో ఏముందో ఆమెకి వాళ్ళ మొహాల్లో కనిపించింది.

సోమవారం అనుకున్నది ఇప్పుడే వచ్చి ఎదురుగా నిలబడింది. చెప్పాల్సిన మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అందులో అన్నిటికంటే నిజమైనదాన్ని ముందు పట్టుకుంది.

"సార్, నాకే వాసనా తెలియలేదు," అంది.

ఇన్‌చార్జి మొహం విప్పారింది. ఆమె ఇంకో మాట కూడదీసుకునేలోపే ఆయన ఫోన్ చెవికి ఆనించి, మెట్ల వైపు నడుస్తూ అంటున్నాడు.

"ఆఁ, మేడమ్ చూశారు. ఏ వాసనా లేదన్నారు. గేటు తీసేయ్, బళ్ళు పంపించేయ్."